చింతపల్లి రాళ్లా, కళింగపట్నం ఇసుకా? తిథి చూసి తేల్చుకోండి

స్నేహితులతో ఒక పూట తీరం వెంట నడవాలంటే విజయనగరం జిల్లా పూసపాటిరేగ దగ్గరి చింతపల్లి మేలా, శ్రీకాకుళం జిల్లాలో గార మీదుగా వెళ్లే కళింగపట్నం మేలా? అందం సంగతి అటుంచితే, దీన్ని తేల్చేది మీరు వెళ్లే రోజు తిథి.

చింతపల్లిది రాతి తీరం. రాళ్లు ఒడ్డుతోనే ఆగిపోలేదు, సముద్రం లోపలా ఉన్నాయి. భీమిలి రేవుకొచ్చే ఓడలు వాటికి తగలకుండా 1847లోనే ఇక్కడ దీపస్తంభం కట్టారు. నడిచేవాళ్లకు పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, రాళ్ల అంచున దారి దొరుకుతుంది. పోటెక్కితే అదే దారి నీళ్లలో ఉంటుంది. ఈ తీరాన అమావాస్యకీ పున్నమికీ పోటుపాటుల తేడా దాదాపు మీటరున్నర, అష్టమి రోజుల్లో అరమీటరుకు కాస్త అటూ ఇటూ. అలాగైతే పున్నమి నాడే పోదామనిపిస్తుంది. కానీ ఆ రోజు పాటు పగలు 2, 3 గంటల మధ్య పడుతుంది. అప్పటికి రాయి కాలిపోతుంటుంది, నీడన్నది ఉండదు. పాటు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి, ఏకాదశి, ద్వాదశుల్లో 11, 12 గంటల ప్రాంతంలో వస్తుంది. నీరు బాగానే తీస్తుంది, ఎండ ముదిరేలోగా పనైపోతుంది. 9 గంటలకు రాళ్లలోకి దిగండి, నీరు తిరిగి ఎక్కడం మొదలవకముందే వెనక్కి మళ్లండి. కచ్చితమైన గంటలకు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోటుపాటుల పట్టిక చూసుకోవాలి. పంచాంగం రోజు ఎంచుకోవడానికే.

ఇక్కడ కాలు జారేది ఎగుడుదిగుడు బండల మీద కాదు, పలకల్లాంటి రాళ్ల మీద. నిగనిగలాడే పాచి మీద హవాయి చెప్పు నిలవదు. వెనక పట్టీ, అడుగున లోతైన గాట్లు ఉన్నవి వేసుకోండి. గుల్లలు అంటుకున్న గరుకు రాయి చెప్పుకు పట్టునిస్తుంది, చేతిని మాత్రం కోసేస్తుంది. తెగితే ఇసుక పోయేదాకా మంచినీళ్లతో కడిగి బెటాడిన్ రాయాలి. అలలన్నీ ఒకే ఎత్తున రావు. దిగే ముందు పది నిమిషాలు నిలబడి, పెద్ద అల ఎంతవరకూ తడుపుతోందో చూసి, దానికి పైనే నడవండి. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు. నలుగురైదుగురికి మించితే గుంపు చెదిరిపోతుంది. అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు.

కళింగపట్నం దగ్గర పడిపోయే భయం లేదు, అలసట ఉంది. తడిసి గట్టిపడిన ఇసుక మీద గంటకు 4 కిలోమీటర్లు తేలిగ్గా సాగుతాయి, పొడి ఇసుకలో రెండున్నర కూడా కష్టమే. కాబట్టి ఇక్కడా పాటే మంచిది, కాకపోతే తప్పినా ప్రమాదం లేదు. పోటప్పుడు వాలు మీదే నడవాల్సి వస్తుంది. ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లాన పడి మోకాలి పక్క నొప్పి పుడుతుంది. దిబ్బల మీదికెక్కితే రావణాసురుడి మీసాలనే ముళ్ల గడ్డి గుచ్చుకుంటుంది, అందుకని ఇక్కడ కూడా చెప్పులు విప్పకండి.

ఉత్తరాన నడక వంశధార మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఆగిపోవాలి. మోకాలి లోతే కదా అని దాటబోతారు చాలామంది. నీరు తీసే వేళ ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసి లోపలికే లాగుతాయి, కాలి కింద ఇసుక కరిగిపోతుంది. ఇసుక మేట కూడా ఒక్కచోట నిలిచి ఉండేది కాదు, నిరుడు దాటినచోట ఈ ఏడు లోతు ఉండొచ్చు. చింతపల్లి వైపు, చంపావతి నది సముద్రంలో కలిసే కోనాడ దగ్గరా ఇదే మాట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. చీకటి పడ్డాక టార్చి వేసుకుని తిరగొద్దు.

పిల్లలు, పెద్దవాళ్లు, నడక అలవాటు లేనివాళ్లు కూడా ఉంటే తిథితో పనే లేదు, కళింగపట్నమే. నడక తెలిసిన నలుగురున్నారు, పాటు 10, 12 గంటల మధ్య పడుతోంది అంటే చింతపల్లి ముందు ఇసుక నడక చప్పగా ఉంటుంది. రెండింటికీ నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. అక్టోబరు ప్రణాళికలు నమ్ముకోవద్దు, 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది ఆ నెలలోనే. ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చిన రోజున చింతపల్లి మాటే వద్దు. కళింగపట్నంలోనూ నీటి అంచుకు పోకుండా, శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూసి రండి, వంశధార పైనుంచే కనబడుతుంది.