పొగతోటలో చీటీ అడిగే మందుల దుకాణం

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఈ మందుల దుకాణాన్ని నేను మెచ్చుకోవడానికి కారణం, డాక్టరు చీటీ లేనిదే నొప్పి మాత్రలు ఇవ్వకపోవడం. మధుమేహం, రక్తపోటుతో ఏళ్లుగా బాధపడుతూ, మూత్రపిండాల పనితీరు కూడా తగ్గిన మా అమ్మకు మోకాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర అడిగితే, ఫార్మసిస్టు గారు ముందుగా ఆమె రోజూ వేసుకునే మందులేమిటో అడిగారు. ఈ రకం మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసరణ సరిగా అందేందుకు తోడ్పడే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు ఒంట్లో తయారవడాన్ని అడ్డుకుంటాయని, టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మందుతోపాటు నీరు తీసే మాత్ర కూడా వాడేవారికి ముప్పు మరింత ఎక్కువని ఓపికగా వివరించి, డాక్టరును కలవమన్నారు. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టరు చీటీపైనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది కనుక చీటీ అడగడం చట్టప్రకారం తప్పనిసరి. అయినా మా వీధి చివరి దుకాణంలో అడిగిన వెంటనే స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెడతారు, అది నాకు నిజంగా భయం కలిగించే విషయం. చాలా జలుబు మాత్రల్లో పారాసిటమాల్‌తోపాటు రక్తపోటును పెంచగల ఫినైలెఫ్రిన్ కూడా ఉంటుందని, పారాసిటమాలే ఉండే జ్వరం మాత్రతో కలిపి వేసుకుంటే పారాసిటమాల్ మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చని కూడా ఇక్కడే తెలిసింది. సాయంత్రం రద్దీలో చాలాసేపు నిలబడవలసి వస్తుంది, వృద్ధులకు కుర్చీలు వేయాలి. బిల్లు మాత్రం అడగకుండానే ఇస్తారు.