గిట్‌హబ్, న్యూస్ రీడర్ కలిపే ఆటోమేషన్ సర్వీస్: నాలుగు నెలలు వాడాక

ఈ సర్వీస్ వల్ల, మేం వాడే కోడ్ లైబ్రరీలకి కొత్త వెర్షన్ వచ్చిందేమోనని రోజూ గిట్‌హబ్‌లో ఒక్కో రిపో (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) తెరిచి చూసే పని తప్పింది. కొత్త రిలీజ్ రాగానే దాని నోట్స్ నా న్యూస్ రీడర్‌లో (సైట్లలో వచ్చే కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపే యాప్) చేరతాయి, రీడర్‌లో నేను స్టార్ పెట్టిన వార్త మా రిపోలో ఇష్యూగా, అంటే చూడాల్సిన పనుల జాబితాలో ఒక ఎంట్రీగా మారుతుంది. ఈ రెండోదే నాకు బాగా నచ్చింది. సెక్యూరిటీ హెచ్చరిక చదివి, తర్వాత చూద్దాంలే అనుకుని మర్చిపోవడం పూర్తిగా ఆగిపోయింది.

సెటప్ తేలికే. అనుమతులు అడిగేటప్పుడు మాత్రం అన్ని రిపోలకీ ఒప్పుకోకండి, కావాల్సిన ఒక్క రిపోకి, అదీ ఇష్యూలు రాసేంతవరకే పనికొచ్చే టోకెన్ (పాస్‌వర్డ్‌కి బదులు సర్వీస్‌కి ఇచ్చే కీ) గిట్‌హబ్‌లోనే చేసుకోవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, టోకెన్ గడువు అయిపోయినప్పుడు సర్వీస్ ఒక్క మెయిల్ కూడా పంపలేదు, వారం పాటు ఇష్యూలు రాకపోతే కొత్తగా ఏమీ లేదేమో అనుకున్నాను, లాగ్ తెరిస్తే వరసగా 401 ఎర్రర్లు (అంటే టోకెన్ చెల్లడం లేదని), నిజంగా టెన్షన్ పడ్డాను. ఒకే వార్త రెండు ఫీడ్లలో (రీడర్‌కి కొత్త పోస్టులు అందించే లింకులు) వస్తే రెండు ఇష్యూలు పడటం ఇంకో తలనొప్పి. లింక్‌ని బట్టి ఫిల్టర్ పెట్టాక తగ్గింది.

మీకు పబ్లిక్ రిపోల రిలీజులు చదవడం ఒక్కటే కావాలంటే దీనికి డబ్బులు పెట్టకండి, రిపో అడ్రస్ చివర స్లాష్ రిలీజెస్ డాట్ ఆటమ్ అని చేరిస్తే గిట్‌హబ్ తనే ఫీడ్ ఇస్తుంది.