కోమాత్సు వెళ్తే బుధవారం మాత్రం వెళ్ళకండి

జపాన్‌లో ఇషికావా ప్రాంతంలోని కోమాత్సు ఊరి దగ్గర జపాన్ మోటార్‌కార్ మ్యూజియం ఉంది. బుధవారం దానికి సెలవు. ఈ ముక్క మేం దిగిన ర్యోకాన్‌లో, అంటే వాళ్ళ పాతతరహా హోటల్‌లో, ఒక్కరూ చెప్పలేదు. నేను రెండుసార్లు అడిగాను. "తెరిచే ఉంటుంది" అని నవ్వుతూ తలూపి, టాక్సీ కూడా వాళ్ళే పిలిచారు. 3,900 యెన్లు పెట్టి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి, టాక్సీ వెళ్ళిపోయింది, వాన మొదలైంది. నాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చి అడిగితే నడుము వంచి మూడుసార్లు క్షమాపణ చెప్పారు గానీ, మ్యూజియం కోసం మళ్ళీ ఉండాల్సొచ్చిన అదనపు రాత్రికి 15,400లో ఒక్క యెన్ తగ్గించలేదు. పరుపులు పరిచాక సూట్‌కేస్ తెరవడానికి చోటు లేని గది అది. మర్యాదకు బిల్లు వేరే ఉంటుందని అప్పుడు తెలిసింది.

క్యోటో, కనజావా బాగానే గడిచాయి. కోటలు, తోటలు చూసి నాన్న "ఊఁ" అన్నారంతే. ఆయన తెనాలి మార్కెట్‌లో ఇరవై రెండేళ్ళు ట్రాలీ ఆటో తోలిన మనిషి.

గురువారం బస్సులో వెళ్ళాం. మ్యూజియం టికెట్ 1,200 యెన్లు. ఎర్ర ఇటుకల భవనం, లోపల 500 దాకా బండ్లు. మూడు చక్రాల వరుస దగ్గరికి రాగానే నాన్న నడక మారిపోయింది. "ఒరేయ్, ఇది మన బండేరా!"

అది దైహత్సు కంపెనీ వాళ్ళ మిడ్జెట్, మూడు చక్రాల బుల్లి ట్రక్కు. 1957లో వచ్చిన మొదటి మోడల్‌కు స్టీరింగ్ లేదు, స్కూటర్‌లా హ్యాండిలే. 249 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 8 హార్స్‌పవర్, కిక్ స్టార్ట్, డ్రైవర్‌కొక్కడికే సీటు, 300 కిలోల సరుకు మోస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మూడు చక్రాల లారీలు పెద్దవై, ఖరీదెక్కిపోయాయి. సైకిల్ మీద సరుకు వేసే సాకే (బియ్యపు మద్యం) కొట్లవాళ్ళకు, కూరగాయల వాళ్ళకు అవి అందలేదు. ఆ సందులోకి ఇది దూరింది, ఊళ్ళో సందుల్లోకి కూడా. ఓమురా కోన్ అనే హాస్యనటుడితో టీవీలో ప్రకటనలు వేయించారు. 1959లో గుండ్రటి స్టీరింగ్, రెండో సీటు వచ్చాయి. అదే ఏడు మాజ్దా కంపెనీ బండి కే360 పోటీకి దిగింది. థాయిలాండ్ వెళ్ళిన మిడ్జెట్లే అక్కడి ఆటోలు, అంటే టుక్‌టుక్‌లకు మూలం.

రోడ్లు బాగుపడి వేగం పెరిగాక మలుపుల్లో మూడు చక్రాలు భయపెట్టాయి. "నాకు తెలీదా, దుగ్గిరాల మలుపు దగ్గర రెండుసార్లు పడ్డాను" అన్నారు నాన్న. పైగా నాలుగు చక్రాల బుల్లి ట్రక్కులు వచ్చేశాయి. మూడు చక్రాల బండ్లకు విడిగా ఉన్న లైసెన్స్ కూడా 1965లో రద్దైపోయింది. మూడు లక్షలకు పైగా తయారై, 1972లో మిడ్జెట్ ఆగిపోయింది.

ఇక్కడ దేశదేశాల టాయిలెట్లు కూడా పెట్టారు, జనం వాటికి ఫోటోలు తీస్తున్నారు. నాన్న అటు రానేలేదు. లీటరుకు ఎంతిస్తుందో సిబ్బందిని అడగమని నా ప్రాణం తీశారు. ఫోన్‌లో అనువాదం చేసి చూపిస్తే, పాపం, ఆ అమ్మాయికీ తెలియదు. రైలెక్కాక కూడా వేళ్ళు మడుస్తూనే ఉన్నారు. చివరికి కిటికీలోంచి చూస్తూ, "లోడుతో అయితే పాతిక దాటదురా" అన్నారు.