రియాక్ట్ ఫ్లోలో ఎడ్జ్‌లు ఎక్కడ ఉంచాలి: హుక్‌లోనా, జస్టాండ్ స్టోర్‌లోనా?

రియాక్ట్ ఫ్లో (నోడ్‌లనే పెట్టెలను గీతలతో కలిపే డయాగ్రమ్‌లకు వాడే రియాక్ట్ లైబ్రరీ)తో ఎడిటర్ కడుతున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఎడ్జ్‌లను, అంటే నోడ్‌లను కలిపే ఆ గీతలను, లైబ్రరీ ఇచ్చే యూజ్‌ఎడ్జెస్‌స్టేట్ హుక్‌లోనే ఉంచుకోవాలా, జస్టాండ్ (యాప్ డేటాను ఒకేచోట ఉంచే స్టేట్ లైబ్రరీ) స్టోర్‌లోకి మార్చాలా?

మౌస్‌తో లాగుతుండగా కనిపించే గీత గురించి బెంగ అక్కర్లేదు. దాన్ని లైబ్రరీయే చూసుకుంటుంది. కావాలంటే యూజ్‌కనెక్షన్ హుక్‌తో చదువుకోవచ్చు, సొంత స్టేట్‌లో మళ్లీ దాచకండి. తేల్చుకోవాల్సింది గీత రెండో హ్యాండిల్‌కు (నోడ్ మీద గీత తగిలించే చుక్కకు) తగిలాక పుట్టే ఎడ్జ్ గురించే.

స్టోర్ వైపు సాధారణంగా చెప్పే కారణాలు రెండూ నాకు బలంగా అనిపించవు. నోడ్ లోపలి నుంచి ఎడ్జ్‌లు మార్చడం హుక్‌తో కష్టమంటారు. యూజ్‌రియాక్ట్‌ఫ్లో హుక్ ఇచ్చే సెట్‌ఎడ్జెస్ ఫంక్షన్‌తో ఆ పని ఎక్కడి నుంచైనా అయిపోతుంది. ఇక స్పీడ్ అంటారా, సెలెక్టర్లు (స్టోర్‌లోంచి కావాల్సిన ముక్కను ఎంచుకునే ఫంక్షన్లు) సరిగ్గా రాయకపోతే స్టోర్‌తోనూ అనవసరంగా రీరెండర్లు (కాంపొనెంట్‌ను మళ్లీ గీయడాలు) అవుతూనే ఉంటాయి.

అసలు తేడా రూల్స్ దగ్గర వస్తుంది. ఒక ఇన్‌పుట్‌కు ఒకే వైరు (ఎడ్జ్) ఉండాలి, కొత్తది తగిలితే పాతది పోవాలి అనుకుందాం. కనెక్షన్ చెల్లుతుందో లేదో చూసే ఈజ్‌వ్యాలిడ్‌కనెక్షన్ ఉందిగా అనుకుంటాం. కానీ అది యూజర్ చేత్తో కలిపేటప్పుడు మాత్రమే అడ్డుకుంటుంది. కాపీ-పేస్ట్‌తో వచ్చిన ఎడ్జ్, సేవ్ చేసిన ఫైల్ నుంచి లోడైన ఎడ్జ్, టూల్‌బార్ బటన్ కలిపిన ఎడ్జ్ దాని కంట పడవు. ఎడ్జ్‌ను లిస్టుకు చేర్చే యాడ్‌ఎడ్జ్ ఫంక్షన్ కూడా అవే హ్యాండిల్స్ మధ్య అదే ఎడ్జ్ ఉందా అని చూస్తుందే తప్ప మీ రూల్ దానికి తెలియదు. డిలీట్ కూడా అంతే. బ్యాక్‌స్పేస్ నొక్కితే నోడ్‌తోపాటు దాని ఎడ్జ్‌లూ పోతాయి. అదే మీ కోడ్‌లో నోడ్స్ అర్రేని ఫిల్టర్ చేస్తే, లేని నోడ్‌ను చూపించే ఎడ్జ్‌లు మిగిలిపోయి సేవ్ ఫైల్‌లోకి ఎక్కుతాయి.

స్టోర్ ఉంటే కనెక్ట్, రీకనెక్ట్, పేస్ట్, లోడ్, డిలీట్ అన్నింటినీ దాని యాక్షన్ల (స్టోర్‌ను మార్చే ఫంక్షన్ల) గుండానే నడిపించి, రూల్‌ను అక్కడ ఒక్కసారి రాస్తే చాలు. హుక్‌తోనూ ఈ క్రమశిక్షణ పాటించవచ్చు, కాకపోతే టీమ్‌లో ఎవరో ఒకరు తొందరలో నేరుగా సెట్‌ఎడ్జెస్ పిలిచేస్తారు. స్టోర్‌లో ఎడ్జ్‌లు పెట్టాక నోడ్ ఫైళ్లలో సెట్‌ఎడ్జెస్ కనబడితే రివ్యూలోనే ఆపేయండి.

అన్‌డూకి కూడా స్టోరే హాయి. జుండో (జస్టాండ్‌కు అన్‌డూ చేర్చే చిన్న లైబ్రరీ) తగిలిస్తే మార్పుల చరిత్ర వస్తుంది. నోడ్‌ను లాగుతున్నంతసేపూ పొజిషన్ మారుతూనే ఉంటుంది కాబట్టి, లాగడానికి ముందున్న స్థితిని రికార్డు చేసి, లాగుతున్నంతసేపూ రికార్డింగ్ ఆపి, వదిలాక కొనసాగించాలి. ఎంచుకున్నారో లేదో చెప్పే సెలెక్టెడ్ ఫ్లాగ్ కూడా నోడ్‌లు, ఎడ్జ్‌ల మీదే ఉంటుంది. దాన్ని చరిత్రలోంచి తీసేయకపోతే ఒక్కో క్లిక్ ఒక్కో అన్‌డూ అడుగు అవుతుంది.

ఇప్పటికే రెడక్స్ (మరో స్టేట్ లైబ్రరీ) ఉన్న ప్రాజెక్టైతే దాన్నే వాడండి, ఇదే పద్ధతి పనిచేస్తుంది. డిఫాల్ట్‌ఎడ్జెస్ ఇచ్చి అన్‌కంట్రోల్డ్‌గా, అంటే ఎడ్జ్‌లను లైబ్రరీకే వదిలేయడం డెమోలకు సరిపోతుంది.

చూపించడానికే తప్ప మార్చడానికి వీల్లేని డయాగ్రమ్ అయితే హుక్ చాలు. యూజర్ వైరు కలపగలిగే, సేవ్ చేసుకోగలిగే ఎడిటర్‌కైతే మొదటి రోజు నుంచే జస్టాండ్ పెట్టుకోండి.