కారు తుడవడానికి షామీ తోలా, మైక్రోఫైబర్ టవలా?

షామీ అనేది ఆల్ప్స్ కొండల్లో తిరిగే మేకలాంటి జంతువు. ఒకప్పుడు దాని చర్మంతోనే ఈ మెత్తటి తోలు చేసేవారు. ఇప్పుడు దుకాణంలో ఆ పేరుతో దొరికేది చాలావరకు గొర్రె తోలే. చర్మం లోపలి పొరను చేప నూనె పట్టించి పదును చేస్తారు. నీళ్లను బాగా పీల్చడానికి, పిండగానే వదిలెయ్యడానికి కారణం అదే.

అద్దాల మీద దీనికి సాటి లేదు. తడిపి, గట్టిగా పిండి, ఒక్కసారి లాగితే చార ఉండదు, నూగు అంటదు. కానీ పోషణ కావాలి. ఘాటు డిటర్జెంట్ తగిలితే నూనె పోతుంది. ఎండలో ఆరేస్తే అప్పడంలా బిగుసుకుంటుంది. నీడలోనే ఆరాలి.

పెయింట్ దగ్గర మాత్రం నా ఓటు చాలా సన్నటి సింథటిక్ పోగులతో చేసిన మైక్రోఫైబర్‌కే. తోలు నున్నగా ఉంటుంది కాబట్టి, బాడీ మీద మిగిలిన ఇసుక రేణువు దాని కింద ఇరుక్కుని గీత పెడుతుంది. ఒత్తుగా పోగులున్న టవల్‌లో ఆ రేణువు పోగుల మధ్యకు దిగిపోతుంది. పైగా మెషిన్‌లో వేసి ఉతకొచ్చు, ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వెయ్యకండి, పీల్చే గుణం తగ్గిపోతుంది. కింద పడిన టవల్‌ను ఉతక్కుండా మళ్లీ కారుకు తగిలించొద్దు.

బోరు నీళ్లతో కడిగేవాళ్లు ఏది వాడినా వెంటనే తుడవాలి. ఆ నీళ్లు ఎండలో ఆరితే మిగిలే తెల్ల మచ్చలు ఓ పట్టాన వదలవు. రెండూ కొనే వీలు లేకపోతే మైక్రోఫైబరే తీసుకోండి.