వెనిస్ అని రాసి రవెన్నాలో దింపే ఓడలు

తూర్పు మధ్యధరా సముద్రంలో తిరిగే లగ్జరీ క్రూయిజ్‌ల బ్రోషర్లలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఒక చిన్న బ్రాకెట్టు. ‘వెనిస్’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కనే బ్రాకెట్లో చిన్నగా ‘రవెన్నా’. అదేదో వెనిస్‌లోనే ఒక పేట కాబోలు అనుకుని డబ్బు కట్టేస్తారు. తీరా దిగేది రవెన్నా అనే వేరే ఊరి రేవు పోర్టో కోర్సీనిలో. అక్కణ్ణుంచి వెనిస్ దాదాపు 150 కిలోమీటర్లు, బస్సులో రెండు నుంచి రెండున్నర గంటలు. పది రాత్రులు సూట్‌లో పడుకుని, పదకొండో రోజు పొద్దున్నే పెట్టెలతో బస్సు కోసం లైన్లో నిలబడినవాళ్ల మొహాలు చూస్తే తెలుస్తుంది ఆ బ్రాకెట్టు ఖరీదెంతో.

తప్పు వెనిస్‌ది కాదు. గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి చోటుకు కొలత, బరువు కాదు) 25,000 దాటిన ఓడలు, 180 మీటర్లకు మించి పొడవున్న ఓడలు ఊరి నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో ముందు నుంచి, జూదెక్కా కాలువ గుండా రాకూడదని ఇటలీ 2021 ఆగస్టు 1 నుంచి ఆపేసింది. మంచి పనే. అప్పటినుంచి పెద్ద ఓడలు కొన్ని మర్గేరా పారిశ్రామిక రేవుకు, కొన్ని రవెన్నాకు, కొన్ని ట్రియెస్టెకు పోతున్నాయి. ఇక్కడ ‘లగ్జరీ’ అన్న మాట మనల్ని కాపాడదు. ఆరేడు వందల మంది ఎక్కే, అన్నీ సూట్‌లే ఉండే ఖరీదైన ఓడలు కూడా 40,000, 50,000 టన్నులుంటాయి. కాబట్టి టికెట్ కొనేముందు ఏజెంటును అడగాల్సింది మెనూ గురించి కాదు. ఓడ టన్నేజీ ఎంత, ఏ రేవులో ఏ బెర్త్‌కు (ఓడ నిలిపే చోటుకు) కడతారు, ఓడ మెట్లు దిగాక ఊరి గుమ్మానికి ఎన్ని నిమిషాలు? ఈ మూడూ అడగాలి. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో ఎక్కి సాంటోరిని (గ్రీస్), కుషాదసి (తుర్కియే), రోడ్స్ (గ్రీస్), వలెట్టా (మాల్టా), కోటర్ (మాంటెనీగ్రో), డుబ్రోవ్నిక్ (క్రొయేషియా) మీదుగా రవెన్నాలో దిగే దారిని ఈ కొలతతోనే చూడాలి.

పిరేయస్ సంగతి రెండు ముక్కల్లో: 2022 అక్టోబరు నుంచి ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మూడో లైన్ మెట్రో నేరుగా పిరేయస్ దాకా వస్తోంది. స్టేషన్ నుంచి క్రూయిజ్ టెర్మినల్‌కు మాత్రం పెట్టెలతో నడవొద్దు. ఏథెన్స్ కొండ మీది పురాతన కోట అక్రోపోలిస్‌కు 2025 ఏప్రిల్ నుంచి 30 యూరోలు, టైమ్ స్లాట్ ముందే తీసుకోవాలి. ఓడ ఎక్కే రోజునే విమానం దిగే ప్లాన్ వేయకండి.

ఇక సాంటోరిని. ఫోటోల్లో అందం అంతా ఇంతా కాదు గానీ, ఓడలో వచ్చేవాళ్లకు ఈ దారిలో అన్నిటికంటే చిరాకు పెట్టే చోటు ఇదే. అగ్నిపర్వతం కూలి ఏర్పడిన గొయ్యిలోకి సముద్రం వచ్చి చేరింది. లోతు చాలాచోట్ల 300 మీటర్లు దాటుతుంది కాబట్టి ఓడ ఒడ్డుకు రాదు, నీళ్లలోనే ఆగుతుంది. చిన్న టెండర్ పడవల్లో కొండ కింది పాత రేవుకు చేర్చుతారు. ఊరు కొండ మీద, సుమారు 220 మీటర్ల ఎత్తున. పాత రేవు నుంచి పైకి పోవడానికి మూడే దారులు: కేబుల్ కార్, ఆరువందలకు కాస్త తక్కువ మెట్లు, అవే మెట్ల మీద కంచరగాడిదలు. కేబుల్ కార్ ఒక విడతకు ఆరు పెట్టెలు, పెట్టెకు ఆరుగురు, అంటే 36 మంది. ఎక్కించడం, దించడం కలుపుకుని అయిదు నిమిషాలకో విడత వేసుకున్నా 2,000 మంది దిగాలంటే నాలుగున్నర గంటలు దాటుతుంది. రోజుకు 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులు మించకూడదని 2025లో పరిమితి పెట్టారు. ఆ లెక్కన పరిమితి ఉన్నా రద్దీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పైకి పోయేటప్పుడు లైను అంత బాధించదు. అసలు నరకం సాయంత్రం దిగేటప్పుడు. అందరికీ సూర్యాస్తమయమే కావాలి, అందరికీ చివరి టెండరే కావాలి. సందుల్లో నీడ లేని లైను, గోడకు ఆనుకుని కూర్చుండిపోయిన పెద్దవాళ్లు, కరిగిన ఐస్‌క్రీమ్ చేతులకంటిన పిల్లలు, ‘పొద్దున్నే వద్దామంటే విన్నావా’ అని అన్ని భాషల్లోనూ ఒకటే గొడవ. మెట్లు దిగుదామంటే అరిగి నున్నబడిన రాళ్లు, వాటి మీద గాడిదల పేడ. చెప్పులతో అసలు దిగొద్దు, అడుగున పట్టున్న బూట్లుండాలి. మోకాళ్లు బాగున్నవాళ్లకు ఇరవై, పాతిక నిమిషాల పని.

ఓడవాళ్ల టూర్లు మామూలుగా దండగే గానీ ఈ ఒక్క చోట కొనడమే తెలివి. టూరు కొన్నవాళ్లను ముందు టెండర్లలో, బస్సులు వచ్చే ఇంకో రేవు అథినియోస్‌కు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి బస్సులో పైకి చేరుస్తారు. సొంతంగా వెళ్లేవాళ్లకు టెండర్ టోకెన్లు వీళ్ల తర్వాతే. అయితే చాలా టూర్లలో తిరుగు ప్రయాణం మళ్లీ కేబుల్ కార్‌లోనే, లైను తప్పదు. ఒంటిగంటకల్లా దిగడం మొదలుపెట్టినవాళ్లే నవ్వుతూ ఓడ ఎక్కుతారు. దీనికితోడు 2025 జూలై నుంచి గ్రీస్ వసూలు చేస్తున్న క్రూయిజ్ రుసుము: జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాంటోరినిలో, మికొనోస్‌లో మనిషికి 20 యూరోలు, మిగతా రేవుల్లో 5. ఏప్రిల్, మే, అక్టోబరుల్లో అవి 12, 3. మామూలుగా ఇది ఓడ బిల్లులోనే పడుతుంది. ఏ రేవుకు ఎంత వేశారో సరిచూసుకోవాలి.

కుషాదసిలో ఓడ ఊరి మధ్యకే వస్తుంది, కానీ చూడాల్సిన పురాతన నగర శిథిలాలు, ఎఫెసస్, 20 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు ఎఫెసస్సే రేవు. నది తెచ్చిన ఒండ్రుతో పూడుకుపోయి సముద్రం అయిదారు కిలోమీటర్లు వెనక్కి జరిగింది. సుమారు 25,000 మంది పట్టే రంగస్థలం మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా పాలరాతి రాజవీధి తిన్నగా రేవు దాకా కనిపిస్తుంది. ఆ వీధి చివర నీళ్లుండవు, రెల్లుగడ్డి ఉంటుంది. 2025లో టికెట్ 40 యూరోలు, శిథిలాల లోపలే ఉన్న మిద్దె ఇళ్లకు (టెర్రస్ హౌసెస్) విడిగా 15. ఆ 15 పెట్టడం మానొద్దు. గోడల మీద రంగులు ఇంకా ఉన్న ఇళ్లవి, పైన కప్పు ఉంది కాబట్టి ఎండా తగలదు. పై గేటు దగ్గర దిగి కింది గేటులో బయటికొస్తే దారంతా పల్లమే. డాల్ముష్ అనే షేర్ వ్యాన్‌లో చవగ్గా వెళ్లేవాళ్లు కింది గేటు వైపు దిగుతారు కాబట్టి ఎదురెక్కాలి. వయసైనవాళ్లుంటే టాక్సీ మాట్లాడుకుని పై గేటుకే పోనిమ్మనండి.

ఓడ టూర్లో ఇక్కడ తప్పకుండా ఉండేది తివాచీల దుకాణం. టూరు కాగితంలో ‘స్థానిక హస్తకళల ప్రదర్శన’ అని రాస్తారు. ఆపిల్ టీ చేతికిస్తారు, ఒకమ్మాయి పట్టుపురుగు గూళ్ల నుంచి దారం తీసి చూపిస్తుంది, ఆ తర్వాత తలుపు మూసి ఇద్దరు కుర్రాళ్లు ఒకదాని మీద ఒకటి తివాచీలు దొర్లించడం మొదలుపెడతారు. చూడ్డానికి నిజంగానే బాగుంటుంది. కానీ శిథిలాల్లో గడపాల్సిన గంట అక్కడ కరిగిపోతుంది. టూరు కొనేముందు ‘దుకాణం దగ్గర ఎన్ని నిమిషాలు’ అని డెస్క్‌లో సూటిగా అడగాలి, చెబుతారు.

వీసా సంగతి ఇక్కడే చెప్పాలి. షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాల్సిన పాస్‌పోర్టులవాళ్లు గ్రీస్ నుంచి తుర్కియేకు వెళ్లి మళ్లీ రోడ్స్‌కు వస్తే అది రెండో ప్రవేశం. మధ్యలో మాంటెనీగ్రో ఉంటే ఇంకొకటి. కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లోనే ఉంది, యూరోలే చెల్లుతాయి. సింగిల్ ఎంట్రీతో వచ్చినవాళ్లను మొదటి రోజే ఓడ ఎక్కనివ్వరు, డబ్బూ తిరిగి రాదు.

రోడ్స్‌కు రాగానే మనసు కుదుటపడుతుంది. ఓడ కట్టిన చోటు నుంచి కోట గుమ్మం కొద్ది నిమిషాల నడక. టాక్సీ వద్దు, టూరు వద్దు, లైను లేదు. హాస్పిటలర్ నైట్లు అనే క్రైస్తవ యోధ సన్యాసులు 1309 నుంచి 1522 దాకా ఇక్కడుండి కట్టిన గోడలివి. సముద్రం మీద నుంచి వచ్చేవాణ్ణి ఆపడానికి కట్టినవి, ఈవేళ సముద్రం మీద నుంచి వచ్చేవాడికే అందరికంటే దగ్గర. నైట్ల వీధిలో గులకరాళ్లు నిలువుగా పాతారు, పలచటి అట్ట చెప్పులుంటే అరికాలికి ఒక్కొక్కటీ తెలుస్తుంది. గ్రాండ్ మాస్టర్ కోట మాత్రం 1856లో మందుగుండు పేలి కూలిపోతే 1930ల చివర్లో ఇటాలియన్లు మళ్లీ కట్టింది, నేల మీది మొజాయిక్‌లు (రంగురాళ్ల ముక్కలతో కూర్చిన బొమ్మలు) కాస్ దీవి నుంచి తెచ్చినవి. గోడలు అసలువి, కోట కొత్తది అని తెలిసి చూస్తే మోసపోయినట్టు ఉండదు.

అదే నైట్లు రోడ్స్ పోగొట్టుకుని 1530లో మాల్టా చేరారు. 1565లో తుర్కుల ముట్టడి తట్టుకున్నాక మరుసటి ఏడు వలెట్టాకు పునాది వేశారు. ఈ మొత్తం దారిలో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చే రేవు ఇదే. ఓడ గ్రాండ్ హార్బర్‌లోకి ఏ వేళకు వస్తుందో ముందే తెలుసుకుని పై డెక్ మీదుండాలి. రెండు వైపులా తేనెరంగు బురుజులు దగ్గరికొస్తుంటే బాల్కనీ నుంచి ఒక వైపే కనిపిస్తుంది. దిగాక 58 మీటర్ల బరాక్కా లిఫ్ట్ ఉంది, పైకి పోవడానికి 1 యూరో. పైనున్న తోటలో మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు ఫిరంగి పేలుస్తారు. సెయింట్ జాన్ కో-కేథడ్రల్‌లో ఇటాలియన్ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం ‘బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం’ ఉంది, ఆయన సంతకం ఉన్న చిత్రం అదొక్కటే. సంతకం చేసింది చిత్రంలో యోహాను మెడ కింద కారిన రక్తం రంగులోనే. ఆదివారం సందర్శకులకు మూసేస్తారు, సన్నని హీల్స్ ఉంటే నేల మీది సమాధి రాళ్లు పాడవుతాయని రానివ్వరు. ఓడ వలెట్టాలో ఆదివారం ఆగే షెడ్యూలైతే ఆ తేదీ మానుకుని ఇంకో వారం చూసుకోవడం మేలు.

కోటర్‌లో ఊరికంటే ఊరికి వచ్చే జలమార్గమే గొప్ప. పొద్దున్నే లేవాలి, అంతే. కోటకు 1,350 మెట్లు, పదిగంటల తర్వాత ఎక్కొద్దు.

డుబ్రోవ్నిక్ పాత రేవు పెద్ద ఓడలకు చాలదు. ఓడ గ్రూజ్ అనే రేవులో ఆగుతుంది, పాత ఊరికి 3 కిలోమీటర్లు. ఓడవాళ్లు షటిల్ టికెట్ అమ్ముతారు. 1ఏ, 1బి నంబరు సిటీ బస్సులు అదే చోటికి పోతాయి. 2024లో కోటగోడ టికెట్ 35 యూరోలు, ఒకరోజు డుబ్రోవ్నిక్ పాస్ కూడా 35. పాస్‌లో గోడతో పాటు బస్సూ, కొన్ని మ్యూజియాలూ కలిసే ఉన్నాయి. అయినా విడి టికెట్ కొనేవాళ్లున్నారు. గోడ చుట్టు 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి, నీడ లేదు, నీళ్ల సీసా ఉండాలి.

ఓడ లోపలి ఖర్చుల్లో దొంగదెబ్బలు మూడు. మొదటిది టిప్పులు: అన్నీ కలిసిన ధర కాకపోతే మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు, ఇద్దరికి పది రాత్రులకు 320 నుంచి 400. మద్యం ప్యాకేజీ ఒకరు తీసుకుంటే ఆ గదిలోని రెండో పెద్దమనిషీ తీసుకోవాలని చాలా కంపెనీల నియమం. తాగనివాళ్ల మొహం ఆ రోజు చూడాలి. మూడోది కార్డు యంత్రం మీద ‘మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా’ అన్న ప్రశ్న. వద్దనాలి, ఆ మార్పిడి రేటులోనే దెబ్బ ఉంటుంది.

గది ఎంచుకునేటప్పుడు ఓడ మధ్యలో, కింది డెక్ చూసుకుంటే ఊపు తక్కువ. ఈత కొలను డెక్ కిందిదైతే తెల్లవారుజామునే కుర్చీలు లాగే చప్పుడు. మరీ ముందుభాగమైతే లంగరు గొలుసు దిగే మోత.

చివరికి రవెన్నా. దిగాక ఆ రోజే విమానమైతే వెనిస్ నుంచి కాకుండా బొలోన్యా నుంచి తీసుకోండి, దూరం దాదాపు సగం. పగలు వచ్చి వెళ్లేవాళ్లకు కొన్ని తేదీల్లో వెనిస్ వసూలు చేసే రుసుము 2025లో 5 యూరోలు, ఆలస్యంగా కడితే 10. అక్కడ రాత్రి ఉండేవాళ్లకు లేదు. వెనిస్ కావాలంటే రెండు రాత్రులు విడిగా పెట్టుకోవాలి. లేదా బస్సు ఎక్కడం మానేసి పెట్టెలు ఎక్కడైనా భద్రపరిచి రవెన్నా ఊళ్లోకే పోవచ్చు. క్రీ.శ. 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ వితాలే చర్చిలో బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, రాణి థియోడోరాల మొజాయిక్‌లు, నాలుగడుగుల దూరంలో గల్లా ప్లాచీదియా సమాధి మందిరంలో ముదురు నీలం పైకప్పు నిండా బంగారు చుక్కలు. లోపల చీకటి. తలుపు దాటగానే ఫోన్ తీయకుండా రెండు నిమిషాలు ఊరికే నిలబడితే కళ్లు అలవాటుపడి ఒక్కొక్క చుక్కా వెలుగుతుంది.