ఛాతీకి కట్టుకునే హార్ట్‌రేట్ బెల్టు: ఆ అలారం మీద ప్రేమా, కోపమూ

బ్లూటూత్, బ్యాటరీ సంగతులు డబ్బా మీదే ఉంటాయి. రెండో ఏడాది వాడుతున్నాను కాబట్టి అలారం గురించే చెప్తా. గుండె వేగం మనం పెట్టిన హద్దు దాటగానే హ్యాండిల్ మీది కంప్యూటర్ కూస్తుంది. కొత్తగా రోడ్ సైకిల్ ఎక్కినవాడికి ఇంత చిరాకు పుట్టించేది లేదు, ఇంత పనికొచ్చేదీ లేదు.

మొదట్లో నా ధ్యాసంతా సగటు వేగం మీదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద ఎవరు దాటిపోయినా వెంటపడటం, గంటకల్లా చతికిలపడటం. తర్వాత 200 కిలోమీటర్ల బ్రెవే మీద, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ సవారీ మీద, మనసు పడింది. దానికి గడువు పదమూడున్నర గంటలు. ఆగడాలు, తినడాలు కలుపుకుని గంటకి 15 కూడా అక్కర్లేదు. కావాల్సింది వేగం కాదు, సీటు మీద అన్ని గంటలు ఉండగలగడం.

గుండె గరిష్ఠ వేగానికి అందరూ వాడే లెక్క ప్రకారం, 220లోంచి వయసు తీసేస్తే నాకు నిమిషానికి 176. కానీ అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే 188 కనిపించింది. ఆ లెక్క మనిషిని బట్టి పది పన్నెండు బీట్లు అటూఇటూ అవడం మామూలే. అందుకని 188లో 70 శాతం చూసి 132 దగ్గర అలారం పెట్టా. స్కూలు పిల్లలు కూడా దాటేసి వెళ్లేవాళ్లు. అయినా కొన్ని నెలలకి అదే 132 దగ్గర వేగం 19 నుంచి 23కి పెరిగింది. మూడు గంటలు తొక్కొచ్చి కూడా మధ్యాహ్నం కూరగాయలకి వెళ్లగలిగా!

ఇక మే నెల. చేవెళ్ల నుంచి తిరిగొస్తున్నా, తొమ్మిదిన్నరకే ఎండ మాడ్చేస్తోంది. చదును రోడ్డు మీద 17తో పోతున్నా కూత ఆగదు. బెల్టు పాడైందనుకుని మర్రిచెట్టు కింద ఆగి, మెడ దగ్గర వేళ్లు పెట్టి లెక్కపెట్టా. పదిహేను సెకన్లకి 36, అంటే 144. బెల్టు చెప్పిందే నిజం. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు పోతుంది, దాంతో అదే శ్రమకి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ముంజలు అమ్ముతున్నాయన, “గదేందన్నా, ఊకె మొత్తుకుంటున్నది? బంద్ జేయరాదు!” అన్నాడు. బంద్ చేశా. ఆయన దగ్గరే ముంజలు తిని, నీళ్లు తాగి, పూర్తి వాక్యం ఆయాసం లేకుండా పైకి అనగలిగేంత నెమ్మదిగా అప్పా జంక్షన్ దాకా వచ్చేశా.

అంచేత పైన పొగిడిందంతా నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనుకోండి. అప్పుడూ ఓ పేచీ ఉంది: పొడి చలిలో ఒళ్లు చెమట పట్టేదాకా ఊరికే 180 చూపిస్తుంది. ఒంటికి తగిలే ప్యాడ్లు తడిపి బెల్టు కట్టుకుంటే తగ్గుతుంది.

వారానికి రెండు పొద్దుటిపూటలే దొరికే నాబోటి ఆఫీసు మనిషికి ఇది గిట్టుబాటే. బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకునేవాళ్లకి ఈ అంకెలు కుదరవు, డాక్టర్ని అడిగే హద్దు పెట్టుకోవాలి. నా పట్టీ ఇప్పటికే సాగిపోయింది. బ్రెవేకి ముందు పట్టీ ఒక్కటే మారుస్తా, సెన్సర్ అదే.